మిరియాల కాపలా

అనగనగా ఒక ఊళ్ళో సూరాంబ అని ఒకావిడ ఉండేదమ్మలూ. మనిషి మంచిదే, నోరే కాస్త పెద్దది. ఆవిడకి హారతి కర్పూరమంటే ప్రాణం. దాన్ని ఎవరు ముట్టుకున్నా ఊరుకోదు.

ఆ ఇంటికి తాయారు అని కొత్త కోడలు వచ్చింది. అప్పుడు సూరాంబ ఉసిరికాయంత కర్పూరం ముద్దని కాగితంలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టింది. పక్కన నాలుగు మిరియపు గింజలు వేసింది. మిరియాలుంటే కర్పూరం ఎగిరిపోదని వాళ్ళమ్మ చెప్పిందిట.

శ్రావణ శుక్రవారం నాడు హారతికని పెట్టె తెరిచింది. చూస్తే ఏముంది? కాగితం ఉంది, మిరియాలున్నాయి, కర్పూరం లేదు!

"కాపలాకి మిరియాలున్నాయిగా, దానంతటది ఎక్కడికి పోతుంది? ఎవరో తీశారు" అంది సూరాంబ. ఎవరో అంటూ కోడలి వంకే చూసింది. "నేను ముట్టుకోలేదు అత్తయ్యా" అని తాయారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ వింటేనా!

ఆ తర్వాత ఇంకో ముద్ద తెప్పించింది. ఈసారి ఇత్తడి డబ్బాలో పెట్టి, గుప్పెడు మిరియాలు పోసి, తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకుంది. "ఇదీ పోయిందా, నిన్ను బండెక్కించి పుట్టింటికి పంపేస్తా" అంది.

కార్తీకమాసంలో డబ్బా తెరిచింది. అమ్మ బాబోయ్! మిరియాలు మిరియాల్లాగే ఉన్నాయి, కర్పూరం శనగబద్దంత కూడా లేదు.

సూరాంబ కూతురు వరహాలు నోటి మీద చెయ్యేసుకుని, "తాళంచెవి నీ దగ్గరే ఉందిగా అమ్మా, నువ్వే తినేశావా?" అంది. సూరాంబకి ఒళ్ళు మండిపోయింది. "ఈ కోడలే ఏదో మంత్రం వేసింది! బండి కట్టండి!" అని అరిచింది.

పాపం తాయారు, బట్టల మూట పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

"ఒక్క మాట అత్తయ్యా. డబ్బాకి తాళం ఉన్నా, రోజూ గది ఊడుస్తుంటే నాకు కర్పూరం వాసన వచ్చేది. లోపల్నుంచి ఏమీ బయటికి రాకపోతే నా ముక్కుకి ఎలా తగిలింది? ఇంకొక్క ముద్ద ఇవ్వండి, అందరి ఎదుటా పెడదాం. అప్పటికీ నేనే దొంగనైతే బండెక్కుతాను."

సరేనన్నారు. గాజు జాడీ అడుగున ముద్ద పెట్టి, మూత బిగించి, చుట్టూ మైనం పూసి, ఎండ తగిలే అరుగు మీద ఉంచారు. తాయారు మూత మీద తడిగుడ్డ వేసింది. సూరాంబ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. రెప్ప వాలిస్తే ఒట్టు!

కొన్నాళ్ళకి ముద్ద చిక్కిపోయింది. "నా కళ్ళ ముందే!" అని సూరాంబ కెవ్వుమంది. "ఎవరూ ముట్టుకోలేదే! ఎక్కడికి పోయిందే?"

"పైకి చూడండత్తయ్యా."

మూత కింద, జాడీ మెడకి, పంచదార పలుకుల్లా తెల్లగా ఏదో అంటుకుని ఉంది. తాయారు మైనం గీకి మూత తీసి ఇచ్చింది. సూరాంబ వాసన చూసింది. కర్పూరమే!

ఏం జరిగిందంటావా? కర్పూరాన్ని నలిపితే పొడి అవుతుందా, ఆ పొడికంటే సన్నంగా, కంటికి ఆననంత చిన్న రేణువులుంటాయి. రాయైనా, నీళ్ళైనా, నువ్వైనా, నేనైనా అలాంటి రేణువులే. రాతిలోవి ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటాయి. కర్పూరంలోవి కుదురుగా ఉండవు, నీలాగే! ఒక్కొక్కటే లేచి గాల్లోకి పోతాయి. జాడీలో దారి లేక, చల్లటి మూతకి అంటుకున్నాయి.

"మరి డబ్బాలోది?" అంది సూరాంబ.

"మూత సందుల్లోంచి గాల్లో కలిసిపోయింది అత్తయ్యా. ఆ వాసన చూసినవాళ్ళ ముక్కుల్లోకి కాస్త కాస్త వెళ్ళింది."

సూరాంబ గబుక్కున ముక్కు పట్టుకుంది. "ఓరి దేవుడో! రోజూ డబ్బా దగ్గర చేరి పీల్చింది నేనే కదే! దొంగని నేనా?"

ఆవిడ మొహం చూసి ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది. అప్పుడు సూరాంబ లేచి, గుమ్మం దగ్గరున్న మూట తన చేత్తోనే లోపలికి తెచ్చింది. "నిన్ను దొంగన్నానే తల్లీ, నాకు సిగ్గుగా ఉంది" అని కోడల్ని దగ్గరికి తీసుకుని భోరుమంది.

ఇప్పుడు నీకేం వాసన వస్తోందే? నా మోకాళ్ళ మందుది కదూ? అందులోనూ కర్పూరమే. అంటే అమ్మమ్మ మోకాలి మీదిది నీ ముక్కులో ఉందన్నమాట. అదిగో, ముక్కు మూసుకుంటున్నావు! దొరికిపోయావే దొంగపిల్లా.

కర్పూరం గాలికి, కథేమో కంచికి,
మూటేమో ఇంటికి, నిద్రేమో కంటికి.