కట్టేసిన కాపలావాడు

"మాస్టారూ, చేతులు కట్టేసి ఉన్నవాణ్ణి చంపినవాడు ధర్మవీరుడెలా అవుతాడు?" అని అడిగింది నిరుపమ, గుమ్మంలో చెప్పులైనా విడవకముందే.

వేదాద్రి మాస్టారిని ఎరగనివాళ్ళు గుంటూరులో ఎవరైనా ఉంటే వాళ్ళు నిన్నగాక మొన్న పుట్టి ఉండాలి. బల్ల చుట్టూ మనుషుల్ని కూర్చోబెట్టి, తలొక వీరుడి పాత్ర అప్పగించి, తన నోటితోనే అడవులూ కోటలూ కట్టి ఆడించే ఆటలో ఆయనకు సాటి ఏడు సముద్రాల ఇవతల లేడు. అవతల ఉన్నాడని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. ఆయన అగ్నిసర్పం బుసకొట్టిందంటే పక్కవాటా వాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకునేవారు. మంచుకొండ ఎక్కించాడంటే రోహిణికార్తెలో జనం దుప్పట్లు అడిగేవారు. అంతటి నోరూ, తీర్పు చెప్పమంటే మాత్రం పెగిలేది కాదు.

నిరుపమ ఆయన దగ్గరే ఆట నడపడం నేర్చుకుంది. ఇప్పుడు ఆమెకూ ఒక బల్ల ఉంది, ఆటగాళ్ళున్నారు. ఆ ఆటలో ప్రతి వీరుడి కాగితం మీదా వాడి స్వభావం రాసి ఉంటుంది. ధర్మమో, అధర్మమో, రెంటికీ నడుమో. హనోకు అనే ఆటగాడు మూడేళ్ళుగా ధర్మవీరుడు. లొంగినవాడి మీద కత్తి ఎత్తనని ఆ వీరుడి ప్రతిజ్ఞ. పోయిన ఆదివారం, లోయలో దాక్కున్న పల్లెజనాన్ని శత్రువు కోట పక్కనుంచి దాటిస్తూ, లొంగిపోయిన కాపలావాణ్ణి ఆ వీరుడే చంపాడు. కాగితం మీద ధర్మం కొట్టేయమని సగం బల్ల, వద్దని సగం బల్ల. కొట్టేస్తే వీరుడి శక్తులన్నీ పోతాయి. "కొట్టేసిన రోజున నీ బల్ల దగ్గర నాకు పనిలేదు" అని హనోకు లేచి వెళ్ళిపోయాడు. పలకా బలపం నాటి స్నేహితుడు. తీర్పు వినడానికి ఈ సాయంత్రం ఇక్కడికే వస్తున్నాడు.

"నియమం నియమమే కదా మాస్టారూ. కొట్టేద్దామనే ఉంది," అంటూ నిరుపమ ఆ కాగితం బల్లమీద పరిచి పెన్ను మూత తీసింది.

మాస్టారు కుర్చీలోంచి లేచి, డెబ్బై ఏళ్ళ మోకాళ్ళు ఫెళఫెళమంటుండగా నేలమీద కూలబడి, రెండు మణికట్లూ జోడించి ముందుకు చాచాడు. అంతే. మాస్టారు మాయం. ఆ చోట ఎవడో బక్కచిక్కిన కాపలావాడు, పెదాలు వణుకుతూ.

"కత్తి కింద పడేశాను దొరా. చంపకు."

నిరుపమకు అర్థమైంది. ఈసారి వీరుడు తనే. నవ్వింది కూడా. "ఎందుకు చంపుతాను? నోట్లో గుడ్డ కుక్కి చెట్టుకు కట్టేసి మా దారిన మేం పోతాం."

"కట్టెయ్ దొరా. గస్తీ గుర్రాలు ఇటే వస్తాయి. వాళ్ళే విప్పుతారు. మీ ముసలీముతకా అప్పటికి వాగైనా దాటరు."

"అయితే మాతో మోసుకుపోతాం."

"చంకలోని పసిపిల్లల్ని దించి నన్నెత్తుకుంటారా?"

"అరవనని ఒట్టు వెయ్యి. వదిలేస్తాను."

"వేస్తాను. నమ్ముతావా? నా కొడుకు ఆ కోటలోనే ఉన్నాడు దొరా. మీరు తప్పించుకున్నారని తెలిస్తే కోటదొర వాణ్ణి ఉరి తీస్తాడు. ఇక నేను నోరు మూసుకుంటానా? నువ్వైతే మూసుకుంటావా?"

నిరుపమ నవ్వు ఎప్పుడో ఆరిపోయింది. గోడగడియారం టిక్కుమనడానికి జంకింది. కింద బ్రాడీపేట వీధిలో ఆటోలన్నీ ఒక్కసారిగా గొంతు పోగొట్టుకున్నాయి.

"గుర్రాల చప్పుడు వినిపిస్తోందా దొరా?" అన్నాడు కాపలావాడు, నెమ్మదిగా.

వినిపించింది. ఆ మేడమీది గదిలో, సాయంత్రపు వెలుగులో, ఆమెకు డెక్కల చప్పుడు స్పష్టంగా వినిపించింది. తెలియకుండానే చెయ్యి, ఆటలో వేసిన దెబ్బ తగిలిందో తప్పిందో తేల్చే బల్లమీది పాచికల మీదికి పోయింది. జోడించిన మణికట్లు అలాగే పైకి లేచి పాచికల మీద వాలాయి.

"పాచికెందుకు? కట్టేసినవాడు తప్పించుకోలేడుగా."

"నా చెయ్యి ఆడుతుందో లేదో చూద్దామని..."

"చెయ్యి నీదే కదా దొరా."

నిరుపమ చెయ్యి వెనక్కి తీసుకుంది. పోయిన ఆదివారం ఆటలో సరిగ్గా ఈ ఘట్టం దగ్గరే హనోకుకు తాను పాచికలు అందించింది. అతను వాటిని పక్కకు నెట్టి, "వద్దు. నేనే చంపుతున్నాను, అలాగే రాసుకో" అన్నాడు. జనం దాటాక బల్లంతా చప్పట్లు కొట్టింది. అతను కొట్టలేదు. ఆ వేళ ఆమె కంటికి ఆనింది తప్పిన నియమం ఒక్కటే.

మెట్లమీద అడుగులు వినిపించాయి. హనోకు గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాకుండానే.

"రాసేశావా నిరుపమా? చెప్పెయ్, వెళ్ళిపోతాను."

అతను నేలమీద మణికట్లు జోడించుకుని కూర్చున్న మాస్టారిని చూశాడు.

"ఈయన్నెవరు కట్టేశారు?"

"నేనే."

"మరి?"

"ఏం చెయ్యాలో తెలియడం లేదు రా హనోకూ."

అతను చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఒక కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. నిరుపమ పెన్నుకు మూత పెట్టింది. మాస్టారు మాత్రం నేలమీంచి లేవలేదు, చేతులు విడదీయలేదు.

"ఇద్దరయ్యారు. మంచిదే," అన్నాడు. "తొందరగా తేల్చండి దొరా. గస్తీ మలుపు తిరిగింది."