నిండని విస్తరి

చెల్లిని పక్కలోంచి తరిమేశావుగా, ఇక కాళ్ళు బారజాపుకుని విను నాన్నా.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి పెద్ద వీరాస్వామి. ఆయనకి మంగతాయి అని ఒక్కగానొక్క చెల్లెలు, అదే ఊళ్ళో ఉండేది. కొత్త కాలవ నీళ్ళు ముందు నా చేలోకంటే నా చేలోకని తగువుపడి ఇద్దరూ మాటలు మానేశారు.

కాలవ తవ్వడం అయింది. తూము తెరవాలంటే అక్కడ ఒక ఆచారం ఉంది. ముందు ఊరంతా ఒకేసారి కూర్చుని భోంచెయ్యాలి. వరసలన్నీ సమానంగా ఉండాలి, ఒక్క విస్తరీ ఖాళీగా ఉండకూడదు. వరసకి పదిమందికి మించకూడదు, వడ్డించే బకెట్టులో అన్నం అంతవరకే వస్తుంది మరి. అప్పుడు వీరాస్వామి చెల్లెల్ని తప్ప అందరినీ పిలిచాడు. రెండువేల ఐదువందల పంతొమ్మిది మంది వచ్చారు. అవతల నారుమళ్ళు ఎండిపోతున్నాయి.

పదేసి మందిని కూర్చోబెట్టారు. చివరి వరసలో ఒక విస్తరి ఖాళీ. అప్పుడు అందరినీ లేపి తొమ్మిదేసి మందిని కూర్చోబెట్టారు. మళ్ళీ ఒకటి ఖాళీ. ఆ తర్వాత ఎనిమిదేసి. మళ్ళీ ఒకటే. పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు. రెండేసి దాకా దిగినా అంతే నాన్నా, ఆ సంఖ్య గుణమే అంత.

అప్పుడు కరణం, "పదకొండేసి మందిని వేస్తే సరిగ్గా సరిపోతుందండీ" అన్నాడు. నిజమే, సరిపోతుంది. వీరాస్వామి మొహం వికసించింది.

ఆయన భార్య పేరంటాలమ్మ అక్కడే విస్తళ్ళు వేస్తోంది. "తాతలనాటి ఆచారమైనా మారుస్తావు గానీ చెల్లెల్ని పిలవవన్నమాట" అంది. ఆవిడ గొంతు పెంచలేదు. ఆయనకి మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

లేచి మంగతాయి ఇంటికి నడిచాడు. ఆవిడ పొయ్యి కూడా వెలిగించకుండా గడపలో కూర్చుని ఉంది.

"లెక్క కుదరక వచ్చావా అన్నయ్యా, నా కోసం వచ్చావా?"

"లెక్క కోసమే బయల్దేరానమ్మా. నిన్నిట్లా చూశాక లెక్క ఎవడిక్కావాలి, రా" అన్నాడు.

మంగతాయి వచ్చి కూర్చుంది. రెండువేల ఐదువందల ఇరవై. ఇప్పుడు పదేసి వేసినా, ఏడేసి వేసినా, మూడేసి వేసినా వరసలు నిండుతాయి. ఒకటి నుంచి పది దాకా ఏ అంకెతో పంచినా ఏమీ మిగలని సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది. నమ్మకపోతే రేపు పలక మీద వేసి చూసుకో.

ఆ తర్వాత అందరూ కడుపునిండా తిన్నారు, తూము తెరిచారు. నీళ్ళు ముందు ఎవరి చేలోకి వెళ్ళాయంటావా? "అన్నయ్య చేలోకి" అని ఆవిడ, "చెల్లి చేలోకి" అని ఆయన మళ్ళీ తగువుపడ్డారు. ఈలోగా నీళ్ళు రెండు చేలల్లోకీ వెళ్ళిపోయాయి.

మన పక్కలో కూడా ఒకరి చోటు ఖాళీగా ఉంది నాన్నా. వెళ్ళి పిలుచుకురా. ఆఁ, వచ్చిందా? నువ్వు కాస్త ఇటు జరుగు.

కథేమో కంచి దారి పట్టింది,
చెల్లొచ్చి మన పక్క నిండింది.