చెంచమ్మ గాజు

ఉప్పుకాలవ దగ్గర యానాదుల చెంచమ్మ ఏరిన ప్రతి గుల్లనూ తన గాజులో దూర్చి చూసేది. దూరితే తిరిగి బురదలోకే వదిలేసేది.

"వందల గుల్లలు విప్పి చూశాను. గాజులో దూరేవాటిలో ఒక్కదానికీ ఇంకా గుడ్లు పట్టలేదు, అన్నీ పిల్లలే," అనేది.

గుల్లల కూర తిందామని వచ్చిన దివానుతో, "పెద్ద గుల్లలు అయిపోయాయి దొరా," అంది.

దివాను మండిపడ్డాడు. "కాలవ రాజుగారిది. ఈ రేవులో పిల్లగుల్లలన్నీ ఊడ్చి వండు!"

"చిత్తం దొరా."

మధ్యాహ్నానికి ఆయన ముందు మోకాలెత్తు చిప్పల కుప్ప, విస్తట్లో గరిటెడు కూర.

"ఇంతేనా?"

"పిల్లగుల్లల్లో కండెక్కడిది దొరా? వచ్చే యేడు మీరు గంగాళం నిండా తినాల్సిన కూర ఇది."

"మరి వచ్చే యేడు?"

"మీకు వడ్డించడానికి ఈ చిప్పలు దాచిపెడతాను దొరా."

సాయంత్రానికల్లా రేవులన్నిటా దండోరా మోగింది: చెంచమ్మ గాజే రాజుగారి కొలత.