చీటీలో లేని వైద్యం

ఏటి అవతలి అడవిలో ఒక ఏడు వరద తీశాక రక్తపింజరులు విపరీతంగా పెరిగిపోయాయి. గడ్డిలో మూతి పెట్టిన లేడి మళ్లీ తల ఎత్తితే ఎత్తినట్టు, లేకపోతే లేదు. కాటుకు మందు తెలిసినవాళ్లు ఆ అడవిలో ఒక్కరూ లేరు. చివరికి సింహం దర్బారు చాటింపు వేయించింది: "వైద్యం తెలిసిన జంతువులు ఏరు దాటి రావచ్చు. వీసా ఇస్తాం."

ఇవతలి గుట్టల్లో పైడమ్మ అనే ముంగిస ఉండేది. ఈశ్వరి వేరు నూరి కట్టు కట్టి విషం దించడంలో ఆమెకు సాటి లేదు. చాటింపు వేసిన మూడో రోజే పరాంకుశం అనే నక్క వచ్చి ఆమె కలుగు ముందు కూర్చున్నాడు. అవతలి అడవిలో అతను ముసలి జంతువుల ఆశ్రమం నడుపుతున్నాడు.

"ఇంత మంచి హస్తవాసి పెట్టుకుని ఈ గుట్టల్లో ఏం చేస్తావు పైడమ్మా? నేను పిలిపిస్తాను. అక్కడ నువ్వు డాక్టరమ్మవి."

"రూల్సేంటయ్యా?"

"పెద్దగా ఏం లేవు. వీసా చీటీ మీద నా పేరుంటుంది, నా దగ్గరే పనిచేయాలి. ఐదు వానాకాలాలు చేశావంటే ఇక ఎవరి పేరూ అక్కర్లేదు. నీ కూతుర్ని కూడా తెచ్చుకోవచ్చు."

కూతురు అన్నాక అతను ఇంకేం చెప్పాడో పైడమ్మ సరిగా వినలేదు.

ఏరు దాటిన మర్నాడు పరాంకుశం ఆమెను ఒక పళ్లూడిన చిరుతపులి దగ్గరికి తీసుకెళ్లాడు. "ఒళ్లు తుడిచి, పక్క మార్చి, తినిపించు. ఇలాంటివాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు."

"మరి పాము కాటు వాళ్లెక్కడ?"

"చీటీ చదువుకోలేదా? 'పరిచారిక' అని ఉంది. వైద్యురాలని రాయిస్తే దర్బారు వాళ్లు పరీక్ష పెడతారు, నీకెందుకా శ్రమ అని ఇలా రాయించాను."

"మరి బయట ఎవరికైనా కాటు పడితే?"

"చూడకూడదు. చీటీలో లేని పని చేస్తే వీసా పోతుంది. నన్నేం చేయమంటావు, రూల్సు నేను పెట్టినవి కావుగా."

ముసలివాళ్ల తాలూకు బంధువులు వారం వారం తెచ్చిచ్చే మాంసం పరాంకుశం తినేవాడు. పన్నెండు మందినీ పైడమ్మ ఒక్కతే ఎత్తి దించేది. ఒకసారి ఓపిక పట్టలేక, ఇంకొకరి దగ్గర పని చూసుకుంటానంది.

"చూసుకో. నేను వదిలేసిన రోజు నుంచి నీకు ఇరవై రోజులు. ఈలోగా ఇంకొకరు పిలవకపోతే ఏరు దాటాల్సిందే" అన్నాడతను, ఎముక కొరుకుతూ.

పైడమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. నాలుగు వానాకాలాలు అలాగే నడిచాయి. ఐదోదీ అయిపోవస్తోంది.

ఒక మధ్యాహ్నం వాగులో పక్కబట్టలు ఉతుకుతుంటే బుల్లెమ్మ అనే కుందేలు తన పిల్లను నోట కరుచుకుని పరిగెత్తుకొచ్చి కింద పెట్టింది. పిల్ల కాలు ఉబ్బి నల్లబడింది.

"అక్కా, నీకు మందు తెలుసంట కదా!"

"నాకు అనుమతి లేదమ్మా."

"ఎవరిస్తారక్కా అనుమతి? చెప్పు, ఇప్పుడే పోయి అడిగొస్తాను."

పైడమ్మ పిల్ల కళ్లలోకి చూసింది. అడిగొచ్చేంత టైం లేదు. గట్టు మీదికెక్కి వేరు తవ్వి, నూరి కట్టు కట్టింది. పొద్దు వాలేసరికి పిల్ల చెవులు కదిలించింది.

"ఎవరితోనూ అనకు బుల్లెమ్మా."

"నా బిడ్డ మీద ఒట్టు అక్కా. అనను."

కానీ కట్టు కనబడుతూనే ఉంది. నాలుగు రోజుల తర్వాత పరాంకుశం బుల్లెమ్మ ఉండే పొద వైపు వెళ్లి పిల్లను చూసి ముద్దు చేశాడు.

"కట్టు బాగా కట్టారే! ఎవరని నేనడగనులే. మా పైడమ్మకే కష్టం వచ్చింది. ఆమెను ఇక్కడ ఉండనివ్వాలా వద్దా అని ఎల్లుండి విచారణ. ఆమె గురించి ఒక మంచి మాట చెప్పే దిక్కు లేదు, పాపం."

బుల్లెమ్మ కళ్లు చెమర్చాయి. "నేను లేనా? నేను చెప్పనా?"

"నువ్వా? నీకంటే బాగా ఎవరు చెప్పగలరు!"

దర్బారు తరఫున విచారణ జరిపింది ఎలుగుబంటి జంబులయ్య. పిల్లనెత్తుకుని వస్తున్న బుల్లెమ్మను చూడగానే పైడమ్మ గబుక్కున లేచి నిలబడింది. వద్దని తల ఊపింది. సిగ్గుపడుతోందనుకుంది బుల్లెమ్మ. వేరు ఎలా తవ్విందో, ఎలా నూరిందో, ఒక్కటీ మర్చిపోకుండా చెప్పింది. కట్టు విప్పి, మానిన గాయం అందరికీ చూపించింది.

జంబులయ్య చీటీ తిరగేశాడు. "ఈ పని ఇందులో ఉందా?"

"లేదండి" అన్నాడు పరాంకుశం తల దించుకుని. "చేయొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానండి."

"పిల్ల చచ్చిపోతోంది దొరా!" అంది పైడమ్మ.

"చచ్చిపోయుంటే నీ మీద ఏ తప్పూ ఉండేది కాదు" అన్నాడు జంబులయ్య, ఆమె వైపు చూడకుండా. "బతికించావు. అది చీటీలో లేదు."

ఐదో వానాకాలం పూర్తవడానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. వీసా రద్దయింది. పైడమ్మ దర్బారు గుమ్మం దాటకముందే పరాంకుశం ఇంకో కాగితం ముందుకు జరిపాడు. "ఆశ్రమానికి పరిచారిక ఖాళీ అండి. గుట్టల్లో ఇంకో ముంగిస ఉంది, వయసులో ఉన్నది."

జంబులయ్య పంజా ముద్ర వేశాడు.

ఏటి ఒడ్డుదాకా బుల్లెమ్మ ఏడుస్తూ వెంట వచ్చింది. "నేను మంచే చెప్పాను కదక్కా! ఇక మాకు కాటు పడితే ఎవరి దగ్గరికి పోవాలి?"

పైడమ్మ నీళ్లలో కాలు పెట్టి ఆగింది. "జంబులయ్య దగ్గరికి పో. చీటీ ఆయన దగ్గరే ఉంది."

నీతి: ఇంకొకరి పేరున రాసిన చీటీ మీద బతికేవాళ్లకు, చేసిన మేలే సాక్ష్యమై శిక్ష వేయిస్తుంది.