లార్క్‌ఫోర్డ్ పలుకుబండ

పూర్వం, అట్లాంటిక్ మహాసముద్రపు పశ్చిమతీరాన ఇంగ్లండు రాజుగారి పేర వలసగ్రామాలు ఒక్కటొక్కటిగా వెలుస్తున్న కాలంలో, ఉత్తరాది పర్వతాల్లో పుట్టి దక్షిణముఖంగా ప్రవహించే ఒక మహానది వంపులో లార్క్‌ఫోర్డ్ అనే గ్రామం ఉండేది. రాజాజ్ఞ చెప్పిన రీతిలో ప్రార్థన చేయడం తమ మనస్సాక్షికి విరుద్ధమని భావించి, ఇల్లూ వాకిలీ విడిచి ఓడలెక్కి వచ్చిన భక్తులు దానిని నిర్మించుకొన్నారు. వారికి ముందే ఆ లోయలో ఒక ప్రాచీనజాతి నివసిస్తూ ఉండేది. సముద్రం దాటి వచ్చిన మశూచి ఆ జాతిలో అధికభాగాన్ని హరించగా, వారు దున్నిన మెత్తని నేలల్లోనే కొత్తవారు మొక్కజొన్న నాటుకొన్నారు. ఈ సంగతి దాచి చెబితే స్థలచరిత్ర అసంపూర్ణమవుతుంది.

ఆ గ్రామానికి పెద్ద ఓబద్యా థర్లో అనే మతబోధకుడు. ఆయన నిష్ఠాపరుడు, పండితుడు. యౌవనంలో తన బోధల కారణంగా ఇంగ్లండు చెరసాలలో కఠిన శీతకాలాలు గడిపినవాడు. నదీతీరాన దుంగలతో కట్టిన సభామందిరమే ఆ ఊరికి దేవాలయమూ, న్యాయస్థానమూ. అయితే అందులో నోరు విప్పే అధికారం సంఘసభ్యులైన పురుషులకు మాత్రమే ఉండేది. అదైనా బోధకుని అనుమతితోనే. స్వేచ్ఛకోసం సముద్రం దాటిన ఆ భక్తులు, దొరికిన స్వేచ్ఛ ఎక్కడ చేజారిపోతుందోనన్న భయంతో ఇతరుల నోళ్లకు కట్టుబాట్లు విధించారు.

ఇలా ఉండగా ఒక శరదృతువులో పేషెన్స్ టిల్బరీ అనే వితంతువు, నూలు వడుక్కుని బతకడానికి ఆ ఊరు చేరింది. పేషెన్స్ అంటే వారి భాషలో సహనమని అర్థం. ఆమె ‘మిత్రులు’ అని తమను తాము పిలుచుకునే ఒక కొత్త సమాజానికి చెందినది. దైవజ్యోతి ప్రతి హృదయంలోనూ ఉన్నదనీ, అది ప్రేరేపించినప్పుడు స్త్రీ అయినా సేవకుడైనా పలుకవచ్చుననీ వారి విశ్వాసం. దేవుని ఎదుట అందరూ సమానులే కనుక, వారు రాజునైనా రైతునైనా ‘నువ్వు’ అనే పిలిచేవారు. ఈ అలవాటు వల్ల వారు పడిన కష్టాలకు అంతులేదు.

ఒక ఆదివారం బోధ ముగియగానే పేషెన్స్ స్త్రీలు కూర్చునే వరుసలోంచి లేచి నిలబడింది.

“ఓబద్యా, నువ్వు చెప్పిందంతా శ్రద్ధగా విన్నాను. దేవుడు నీతో మాట్లాడతాడన్నావు, మంచిది. ఇక్కడ కూర్చున్న ఈ ఆడవాళ్లతో కూడా మాట్లాడతాడని ఎందుకు చెప్పవు?” అని అడిగింది.

ఆ ప్రశ్న కంటే ఆ ‘నువ్వు’ సభను ఎక్కువగా గాయపరిచింది. థర్లో ముఖం ఎర్రబడింది. ఆయన ఆమెను మందలించి పంపివేశాడు. ఆమె మౌనం వహించలేదు. శీతకాలమంతా ఇంటింటా నూలు వడుకుతూ, అడిగినవారికీ అడగనివారికీ తన నమ్మకాన్ని చెబుతూనే ఉన్నది. చివరకు సభ కూడి ఆమెకు బహిష్కారశిక్ష విధించింది. మంచు కరిగి దారి తెరుచుకోగానే ఆమెను ఊరు దాటించాలనీ, అంతవరకూ ఆమె మాట వినడమే నేరమనీ, ఆమె నోరు తెరిచినచోటల్లా డోలు వాయించి ఆ పలుకు ఎవరికీ వినబడకుండా చేయాలనీ శాసనం పుట్టింది.

పేషెన్స్ తీర్పు విని, “నన్ను పంపించెయ్యి ఓబద్యా, అది నీ ఇష్టం. చెవులు మూసుకోవడం మాత్రం ఈ ఊరికి అలవాటు చెయ్యకు” అన్నది.

వసంతారంభంలో నదిమీది మంచు పగలడం మొదలైంది. ఊరి కావలి అధికారి జబేజ్ క్రోలీ డోలు మెడకు తగిలించుకొని ఆమెను వెంటబెట్టుకొని బయలుదేరాడు. అతడు చెడ్డవాడు కాడు. శాసనాన్ని అక్షరాలా పాటించేవాడు. ఊరికి ఎగువన, గట్టుమీద, ఒక పెద్ద నల్లబండ ఉన్నది. చేపల కాలంలో ప్రాచీనజాతి పెద్దలు దాని చుట్టూ కూర్చొని తగవులు తీర్చుకొనేవారట. దారి ఆ బండ పక్కనుంచే పోతుంది. అక్కడికి రాగానే పేషెన్స్ నది ఎగువకు చూసి ఉలిక్కిపడింది. రెండు కొండల మధ్య ఇరుకులో మంచుపలకలు ఒకదానిపై ఒకటి పేరుకొని కోటగోడలా నిలిచాయి. వాటి వెనుక నీరు సముద్రంలా పోటెత్తి ఉన్నది. గోడ మూలుగుతున్నది.

దిగువన ఊరంతా ప్రార్థనకు సభామందిరంలో చేరి ఉన్న సమయం అది. ఆమె ఒక్క పరుగున బండ ఎక్కి, ఊరివైపు తిరిగి, “నది వస్తోంది! లేవండి, కొండెక్కండి!” అని కేక వేసింది.

జబేజ్ ఆమెనే చూస్తున్నాడు గాని నదిని చూడలేదు. మళ్లీ బోధ మొదలుపెట్టిందనుకొని, విధి ప్రకారం డోలు మోగించాడు. ఆమె గొంతు ఆ మోతలో మునిగిపోయింది. మందిరం గుమ్మంలో నిలబడినవారు డోలు చప్పుడు విని తలుపు గట్టిగా వేసుకొన్నారు. ఆమె మరింత బిగ్గరగా అరిచింది. అతడు మరింత బలంగా కొట్టాడు. అప్పుడు, ఆ ఊరివారు నేటికీ చెప్పుకొనే విధంగా, డోలు తోలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తనంతట తానే చిట్లిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఆమె బండమీదినుంచి వంగి, “జబేజ్, నా మాట నమ్మనక్కరలేదు. వెనక్కి తిరిగి చూడు” అన్నది.

అతడు తిరిగి చూశాడు. చిట్లిన డోలును నేల పడవేసి బండను పట్టుకొన్నాడు. పేషెన్స్ మళ్లీ పిలిచింది. ఎదురుగాలి వీస్తున్నా, అంత దూరమైనా, తలుపులు మూసి ఉన్నా, ఆ పిలుపు మందిరంలో ప్రతి ఒక్కరికీ తమ తమ పేరుతోనే వినబడిందట.

అందరూ విన్నారు, ఒక్కరూ లేవలేదు. వినడం నేరం. అందరి కళ్లూ థర్లో ముఖంమీదనే నిలిచాయి. ఆయన చేతిలోని గ్రంథాన్ని మెల్లగా మూశాడు. ఒకప్పుడు చెరసాల కిటికీలోంచి తాను దేవుని వాక్యం చెబుతుంటే, వీధిలో పోయేవారు చెవులు మూసుకొని నడిచిన దృశ్యం ఆయన కళ్లముందు మెదిలింది.

“నాకు వినబడింది. మీకూ వినబడింది. శిక్ష పడితే ముందు నాకు పడనివ్వండి. లేవండి!” అని ఆయన నడవలేని ఒక వృద్ధురాలిని భుజాన వేసుకొని మొదట బయటికి నడిచాడు.

చివరి మనిషి కొండ అంచు చేరేసరికి మంచుగోడ బద్దలైంది. సభామందిరం పునాదులతో సహా లేచి తేలుతూ కొట్టుకుపోయింది. గొడ్లపాకలు పోయాయి, విత్తనాల గాదెలు పోయాయి. ప్రవాహం నల్లబండ మొదలుదాకా వచ్చి, పేషెన్స్ పాదాలను తాకకుండా రెండుగా చీలి పక్కలనుంచి వెళ్లిపోయింది. మానవప్రాణం ఒక్కటీ పోలేదు.

మరునాడు జనమంతా బండ చుట్టూ చేరినప్పుడు థర్లో అందరి ఎదుటా శాసనాన్ని రద్దుచేసి, ఆమెకు ఏమి కావాలో కోరుకొమ్మన్నాడు.

“నాకోసం ఏమీ వద్దు. ఈ బండమీద ఎవరు నిలబడ్డా, వాళ్లంతట వాళ్లు దిగేదాకా ఎవరూ అడ్డు చెప్పకూడదు. వాళ్ల మాట మీకు నచ్చినా సరే, నచ్చకపోయినా సరే” అని పేషెన్స్ అన్నది.

సభ ఏకకంఠంతో అంగీకరించింది. అప్పుడు అందరికంటే ముందు బండ ఎక్కినవాడు జబేజ్ క్రోలీ. కృతజ్ఞతలు చెబుతాడనుకొన్నారు. అతడు తల ఎత్తి, “ఈమె మన ప్రాణాలు కాపాడింది, నేను కాదనను. అయినా ఈమె మతం తప్పని నిన్న నమ్మాను, ఇవాళా నమ్ముతున్నాను. వరద సంగతి తెలిసినంత మాత్రాన పరలోకం సంగతి తెలిసినట్టు కాదు” అన్నాడు.

జనం భగ్గుమన్నారు. “కృతఘ్నుడా, దిగు! లాగండి వాణ్ణి!” అని ముందుకు దూకారు. పేషెన్స్ వారికి అడ్డంగా వెళ్లి చెయ్యెత్తింది.

“ఆగండి. అతను ఇంకా బండమీదే ఉన్నాడు.”

అందరూ ఎక్కడివారక్కడ నిలిచిపోయారు. జబేజ్ తాను చెప్పదలచినదంతా చెప్పి దిగాడు. అప్పుడామె ఎక్కి జవాబు చెప్పింది. పొద్దు వాలేదాకా వాదం సాగింది. ఎవరూ ఎవరి మతంలోకీ మారలేదు. ఆ స్థలానికి పవిత్రత వచ్చింది ఆ వాదంతోనే అని పెద్దలు చెబుతారు.

ఊరు గట్టుమీదికి తరలివచ్చి స్పీక్‌స్టోన్ అనే పేరు పెట్టుకొన్నది. మన మాటల్లో పలుకుబండ. ఆ లోయకు మొదటి హక్కుదారులైన ప్రాచీనజాతివారు ఆ రాతిపై నిలబడి పలకడానికి మరెన్నో తరాలు పట్టింది; వారు పలికిన నాడు ఊరు తల వంచుకొని వినవలసివచ్చింది. నేటికీ ప్రతి వసంతంలోనూ గ్రామసభ, మంచు కురిసినా వాన పడినా, ఆ బండ చుట్టూ ఆరుబయటే జరుగుతుంది. నిరుడు ఓటులో ఓడిపోయిన పక్షానికే తొలి పలుకు ఇవ్వడం ఆచారం. తరతరాల పాదాల ఒరిపిడికి బండ నడినెత్తిన రాయి నునుపై, అద్దంలా మెరుస్తూ, చిన్న పల్లమై ఉన్నది. మాట్లాడేవారు అందులో కాళ్లు కుదురుగా నిలుపుకొని గొంతు సవరించుకొంటారు. ఊరంతా టోపీలు తీసి చేత పట్టుకొని వింటుంది.