అరచేతిలో ఎరుపు

మార్కండేయ తయారు చేసిన పరీక్షను లాబొరేటరీలో అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిన ఒక్క మనిషి మాత్రం ఇంకా నోరు విప్పలేదు. ఆవిడ అతని గురువు, తాయారు మేడం.

హైదరాబాదులో రసాయనాలను పరీక్షించే చోటు అది. ఏ మందు, ఏ రంగు, ఏ పురుగుమందు మనిషి జన్యువులను దెబ్బతీస్తుందో తేల్చడం అక్కడి పని. జన్యువుకు తగిలిన దెబ్బ పైకి కనపడదు. ఏళ్ల తర్వాత క్యాన్సరై బయటపడొచ్చు, పుట్టబోయే బిడ్డలో బయటపడొచ్చు. దాన్ని ముందుగా పట్టుకోవడమే అక్కడి విద్యంతా.

మార్కండేయ కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో మనిషి కణాలను పెంచాడు. వాటికి ఓ గుణం అబ్బేలా చేశాడు. జన్యువుకు దెబ్బ తగిలిందా, కణం తనంతట తనే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎలుకలను చంపక్కర్లేదు, ఏళ్ల తరబడి కాచుకోనక్కర్లేదు. ఇవాళ రసాయనం వేస్తే రేపటికి జవాబు.

ఆ జవాబు కోసం అతని అక్క ఎదురుచూస్తోంది. నల్గొండ వైపు ఓ చేనేత ఊళ్లో నూలుకు రంగులు అద్దుతుంది అండాలు. మోచేతుల దాకా రంగునీళ్లలో ముంచి పిండే పని. ఈమధ్య వాళ్ల సంఘానికి ఓ వ్యాపారి కొత్త నీలం రంగు తెచ్చాడు. "మా తమ్ముడు చూసి మంచిదంటేనే చెయ్యి పెడత," అని కూర్చుంది అండాలు. ఆమె పెట్టకపోతే మిగతా ఆడవాళ్లూ పెట్టరు. ఇంత రంగు సీసాలో పోసి తమ్ముడికి పంపింది.

ఆ ఉదయం మార్కండేయ ప్లేటు పట్టుకుని మేడం దగ్గరికి వచ్చాడు. నడకలోనే గెలుపు కనిపిస్తోంది.

"చూడండి మేడం. తెలిసిన విషం వేసిన గుంటలు ఎట్ల వెలుగుతున్నయో! అక్క పంపిన రంగు వేసినవి మాత్రం చీకటే. రంగు మంచిదే."

మేడం మైక్రోస్కోపుకు కళ్లు ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. తీసేసరికి ఆ కళ్లు చెమర్చి ఉన్నాయి.

"మేం ఎలుకలకు మేత పెట్టి రెండేళ్లు కూర్చునేవాళ్లం," అంది. "తర్వాత సూక్ష్మజీవులతో రెండు రోజుల్లో తేల్చే పద్ధతి వచ్చింది. ఇంతకంటే ఏముంటుందిలే అనుకున్నాం. నువ్వు కణం చేతే చెప్పించావు. మా గురువుగారు బతికుంటే దీన్ని చూసి ఎగిరి గంతేసేవారయ్యా."

మార్కండేయకు ఏనుగెక్కినంత సంబరమైంది.

"మరి కాలేయం కలిపావా?" అంది మేడం.

అతను మొహం చిట్లించాడు. పాత పరీక్షల్లో ఎలుక కాలేయాన్ని నూరి, ఆ రసాన్ని రసాయనంతో కలిపేవారు. ఆ వాసన, ఆ జిగట అతనికి గిట్టవు. పైగా అది పడితే గుంటలు మసకబారి వెలుగు సరిగా కనపడదు.

"అది సూక్ష్మజీవుల కాలం మాట మేడం. అవి మనుషులు కావు గనక కాలేయం అరువిచ్చిన్రు. నావి మనిషి కణాలే కద, ఎలుక కాలేయంతోని ఏం పని? పక్క గదోళ్లు మనిషి కాలేయమే పెంచుతున్నరట, లడ్డూల లెక్క!" నవ్వాడు. "అక్కకు ఫోన్ చేసి చెప్పనా?"

"ఆగు," అంది మేడం. లేచి క్యాంటీన్ వైపు వెళ్లింది. వచ్చేటప్పుడు ఆకుముక్కలో చిటికెడు పసుపు తెచ్చింది. అతన్ని తన గదిలోకి రమ్మంది.

ల్యాబ్‌లోకి మంచినీళ్ల సీసా తెచ్చినవాళ్లను కూడా బయటికి గెంటే ఆవిడ, తన బల్ల సొరుగులో మాత్రం ఆకువక్కల డబ్బా పెట్టుకుంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉంటారు. ఆ డబ్బాలోంచి వేలి కొసన సున్నం తీసింది.

"చెయ్యి పట్టు."

పట్టాడు. అరచేతిలో పసుపు పోసి రెండు చుక్కలు నీళ్లు వేసింది.

"ఏం రంగు?"

"పసుపే."

"ఈ సున్నం?"

"తెలుపు."

"ఎరుపెక్కడైనా ఉందా?"

"లేదు మేడం."

ఆవిడ సున్నపు వేలితో అతని అరచేతిలో ఓ చుట్టు తిప్పింది. చెయ్యి ఎర్రబడింది.

మార్కండేయ ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో పెళ్లిళ్లకు పారాణి కలపడం ఎన్నిసార్లు చూడలేదు! అయినా అందులోని మాట ఇప్పుడే తట్టింది. తనవి మనిషి కణాలే, కానీ నెత్తుటి కణాలు. ఒంట్లోకి దిగినదాన్ని విరగ్గొట్టి ఇంకొకటిగా మార్చడం వాటికి చాతకాదు. అది కాలేయం చేసే పని. అలా మారాక పుట్టేదే విషమైతే?

ల్యాబ్ వైపు పరిగెత్తబోయాడు.

"ముందు చెయ్యి కడుక్కో," అంది మేడం. "ఆ చేత్తో ల్యాబ్‌లో అడుగుపెట్టావంటే కాళ్లు విరగ్గొడతా."

పక్క గదివాళ్లు "లడ్డూలు కావాలా?" అని ఓ చురక అంటించి మరీ ఇచ్చారు. గసగసాల కన్నా చిన్నవి ఆ కాలేయపు బంతులు. పాత్రలో పుట్టి పాత్రలో పెరిగినా, ఒంట్లో కాలేయం చేసే పనులు చాలావరకు చేస్తాయి. ఏ ప్రాణినీ కోయకుండా మనిషి కాలేయాన్నే సాక్ష్యానికి పిలిచే రోజు వచ్చిందంటే సామాన్యమా! మార్కండేయ అక్క పంపిన రంగును ముందు వాటి మీద పోశాడు. అవి విరిచి వదిలిన నీటిని తన కణాల మీద పోశాడు.

మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే, నిన్న చీకటిగా ఉన్న గుంటలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. అతను తయారు చేసిన వెలుగే అది. దాన్ని చూసి అతను భయపడటం అదే మొదటిసారి. అక్క చేతులు గుర్తొచ్చాయి.

మేడం కూడా వచ్చి చూసింది.

"నా పరీక్ష తప్పు చెప్పింది మేడం," అన్నాడు మెల్లగా.

"తప్పు చెప్పలేదు. నువ్వడిగిన దానికే చెప్పింది."

ఆవిడ మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగింది, ఆ వెలుగు ఎంత చూసినా తనివి తీరనట్టు. మార్కండేయ ఫోన్ తీసి అక్కకు చేశాడు.

"ఏమాయె తమ్మీ? అందరు నా మొకమే చూస్తున్నరు. ముంచమంటవా, వద్దంటవా?"

"వద్దక్కా. నువ్వు ముట్టకు. ఎవ్వల్ని ముట్టనియ్యకు."

అండాలుకు నమ్మబుద్ధి కాలేదు. "వాసన లేదు, చేతికి మంట లేదు. గదేం జేస్తది తమ్మీ?"

మార్కండేయ తన అరచేతిని చూసుకున్నాడు.

"డబ్బాల ఉన్నంతసేపు ఏం జెయ్యదు అక్కా," అన్నాడు.