అరచేతిలో ఎర్రచుక్కల రెక్కలు

ఓబులేశుకు రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఫోటో ఒక్కటి కావాలి. పెళ్ళి ఫోటోలకు కదిరి అంతా పేరున్నవాడికి అదేం బ్రహ్మవిద్యా అనకండి. అతని చేతికి అదే దక్కలేదు.

పెరట్లో కుండీలోని కరేపాకు మొక్క మీద గొంగళిపురుగుల్ని పెంచేది అతని భార్య రంగమ్మ. చట్నీకని ఓబులేశు రెండు రెబ్బలు తుంచబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చేది, "వాటి నోటికాడి కూడు లాక్కుంటావా!" అని. గూడు పగిలిందంటే చాలు, స్టూడియోకి ఫోన్. "వచ్చి ఫోటో తియ్యబ్బా!" ఇతగాడు వచ్చేసరికి అది ఎగిరిపోయేది. పోయిన వానాకాలం రంగమ్మ కన్నుమూసింది. ఇప్పుడు ఓబులేశే వాటిని పెంచుతున్నాడు. ఆ ఒక్క ఫోటో ఆమె పటం పక్కన పెడితే తప్ప అతని మనసు కుదుటపడేట్టు లేదు.

ఏ దిగులొచ్చినా అతను వెళ్ళేది దర్గా దగ్గరుండే జమాల్ బాబా దగ్గరికే. ఆ రోజు బాబానే ఇంటికి పిలుచుకొచ్చాడు.

"ఈసారి ఎట్లా పోతాదో చూస్తా బాబా!" అంటూ ఫ్రిజ్‌లోంచి డబ్బా తీశాడు. లోపల నల్లటి సీతాకోకచిలుక, రెక్కల మీద ఎర్రచుక్కలు. కాళ్ళు ముడుచుకుని పడి ఉంది.

"చచ్చిపోయిందా నాయనా?"

"లేదు బాబా. చలికి బిగుసుకుంది, అంతే. ఇంక కదలదు. రెక్కలు మనమే విప్పి పెట్టుకోవచ్చు."

బాబా అతని చేతిలోని కెమెరా తీసి బల్ల మీద పెట్టారు. ఖాళీ అయిన అతని అరచేతిలో సీతాకోకచిలుకను పడుకోబెట్టారు.

"హా అని ఊపిరి వదులు."

ఓబులేశు వదిలాడు. మళ్ళీ వదిలాడు. కాసేపటికి ఒక కాలు కదిలింది. రెక్కలు సన్నగా వణికాయి. ఆ వణుకు అరచేతికి తెలుస్తుంటే అతనికి దుఃఖం ఆగలేదు.

"ఆ పొద్దు ఆమె చేతులు... ఎంత రుద్దినా వెచ్చబడలేదు బాబా."

అప్పుడు అది రెక్కలు పూర్తిగా విప్పింది. ఇన్నాళ్ళూ కావాలనుకున్న ఫోటో అదే. ఎడమచెయ్యి చాపితే కెమెరా అందుతుంది. ఓబులేశు చాపలేదు. అది తెరిచిన తలుపులోంచి పెరటి గోడ దాటి వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు.

"పోయింది బాబా" అన్నాడు, తెరిచిన అరచెయ్యి మూయకుండానే.

"వెచ్చబడింది గదా నాయనా" అన్నారు బాబా.